పోలమ్మ పూచీ

శాలువా ఇంకా కుర్చీ మీదనే పడి ఉంది. మొన్న శుక్రవారం పాళెం బడిలో నా భుజాల మీద కప్పినారు. ఇంటికి వచ్చి తీసి అక్కడ వేసినాను, అంతే, మళ్లీ ముట్టుకోలేదు. ఇంట్లోవాళ్లు మడిచి బీరువాలో పెట్టమంటారా అని రెండుసార్లు అడిగినారు. వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పలేదు. ఎనభై దాటిన ముసలోడి చాదస్తం అనుకుంటారు, అనుకోనీ. ఇన్నేళ్లుగా చిన్ననాటి సంగతులు రాస్తానే ఉన్నాను. నాయన కుట్టుమిషను గురించి రాసినాను, ఉప్పుకాలవలో ఈతల గురించి రాసినాను, మొలగొలుకుల అన్నం గురించైతే నాకే నోరూరేట్టు పేజీలకి పేజీలు రాసినాను. బడి కమిటీకి నిలబడిన సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు. మర్చిపోయి కాదు. దాని దగ్గరికి వచ్చినప్పుడల్లా పక్కనుంచి తప్పించుకుని పోయినాను. అట్టా తప్పించుకోవడం నాకు ఆ రోజుల్లోనే అలవాటైంది.

మాది ఇందుకూరుపేటకి తూర్పున, సముద్రపు హోరు వినపడేంత దూరంలో ఉండే పల్లె. ఊరు దాటితే వరిమళ్లు, మళ్లు దాటితే ఉప్పుకాలవ, కాలవకి అవతల సరుగుడు తోపు, తోపు వెనక ఇసకలో చేపలు పట్టేవాళ్ల పాళెం. నాయన దర్జీ. ఊరందరికీ ఆయన దర్జీ సాయిబే, అసలు పేరు పిలిచినోళ్లు తక్కువ. మా ఇంట్లో నమాజు ఒక్కటే అరబ్బీ, మిగతా తిట్లూ ముద్దులూ అన్నీ తెలుగే. తెల్లవారి నమాజు కాగానే నాయన మిషను మూత తీసి, కోడి ఈకతో చుక్క చుక్క నూనె వేసేవాడు. పళ్ల మధ్య గుండుసూదులు పెట్టుకుని మాట్లాడేవాడు, ఒక్కటి కూడా జారేది కాదు. ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేసే పని నాది. కొత్త గుడ్డకుండే గంజి వాసన, మిషను నూనె వాసన, బొగ్గుల పొగ, ఈ మూడూ కలిస్తే మా ఇల్లు. పొద్దు కొంచెం ఎక్కేసరికి నాలుగో వాసన వచ్చి వాటిలో కలిసేది. అది పోలమ్మ గంప.

పోలమ్మ పాళెం నుంచి చేపలు తెచ్చేది. "చేపలో" అని ఆమె కేక వీధి మొదట్లో వినపడగానే అమ్మ కత్తిపీట తీసి కడిగి పెట్టేది. కానాగంతలు ఉంటే పులుసు, నెత్తళ్లు ఉంటే వేపుడు. పోలమ్మ గంప దించి గడప పక్కన కూలబడి, కొంగుతో మెడ తుడుచుకుని, చెంబెడు మంచినీళ్లు గటగటా తాగి, అప్పుడు గాని మాట మొదలుపెట్టేది కాదు. నన్ను అబ్బయ్యా అని పిలిచేది. నేను పోలమ్మత్తా అనేవాణ్ణి. ఆమె కూతురు పురిట్లోనే పోతే, ఆ పసిగుడ్డును తానే సాకతా ఉండేది. దాని పేరు మంగ. అప్పటికి ఏడేళ్లు ఉంటాయేమో. అమ్మమ్మను జేజీ అంటా, అప్పుడప్పుడు ఆమె కొంగు పట్టుకుని వచ్చి, నాయన కత్తిరించి పారేసిన గుడ్డపేలికలు ఏరుకునేది. రంగురంగుల పేలికలు ఏరి, వాటిని మడిచి, మళ్లీ విప్పి చూసుకునేది. నేను ఎస్సెస్సెల్సీ పాసై, ఉద్యోగం లేక, నాయన అంగట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్లకి పేపరు చదివి వినిపిస్తా ఉండేవాణ్ణి. బాగా చదవతాడు అని నలుగురూ అంటే ఒళ్లు పొంగిపోయేది. పనేమీ లేదు, పొగరు మాత్రం బండెడు.

పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులవి. మా ఊరి బడికి కొత్త గది ఒకటి మంజూరైంది, ఎక్కడ కట్టాలో బడి కమిటీ తేల్చి, ప్రెసిడెంటు సంతకంతో రాసి పంపాలన్నారు. ఆ ప్రెసిడెంటును పిల్లలున్న ఇళ్లవాళ్లంతా చేతులెత్తి ఎన్నుకోవాలట. ఊళ్లో భూములన్నీ ఎవరివో ఆయన్ని అందరూ పెద్దరెడ్డి అనేవాళ్లు, ఆయన నిలబడతా ఉన్నాడని తెలియగానే ఇంక ఎన్నికే లేదనుకున్నారు. పాళెం పిల్లలకి బడి అంటే ఉప్పుకాలవ దాటడమే. పాటు మీద, అంటే సముద్రం వెనక్కి తీసినప్పుడు, మోకాళ్ల లోతు, పోటు వస్తే పెద్దవాళ్లకే రొమ్ముల దాకా నీళ్లు. అందుకే పాళెం నుంచి బడికి వచ్చే పిల్లల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒకరోజు నేను ఈ వార్త చదివి వినిపిస్తా ఉంటే పోలమ్మ నీళ్ల చెంబు కింద పెట్టి, "ఆ గది మా పక్క కడితే మా పిల్లోళ్లు కాలవ దాటే పని ఉండదు గదా అబ్బయ్యా? నువ్వే నిలబడరాదా?" అంది.

"నాకెవరు ఎత్తతారు పోలమ్మత్తా చేతులు?" అన్నాను, నవ్వతా.

"మా పాళెం ఎత్తతాది. నువ్వు మా మంగమ్మిని బడికి పంపించు, నేను నీకు పాళెం పాళేన్నే తెచ్చి కూర్చోబెడతా."

నాయన సూదులు తీసి డబ్బాలో వేసి, "మనకెందుకురా ఆ గొడవ" అన్నాడు. కానీ నా మనసు అప్పటికే నిలబడేసింది. మా చెల్లెలు ఆ బడిలో చదవతా ఉంది గనక ఇంటి తరఫున నేను నిలబడొచ్చు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు మంగ కనపడలేదు, కాలవ కనపడలేదు. పెద్దరెడ్డి పక్కన నా పేరు చదవడం వినపడింది.

పాళెంలో ఏ పనైనా దురాయి మీద నడుస్తుంది. కాపులంటే అక్కడ కులపెద్దలు. వాళ్లు కూర్చుని ఒక మాట అనుకుని దురాయి వేసినారంటే, ఇంక ఎవరూ దాన్ని దాటకూడదు, దాటితే శిక్ష తప్పదు. నా కోసం పోలమ్మ అందరిళ్లకీ తిరిగి, కాపుల్ని ఒప్పించి, ఒక సాయంత్రం నన్ను పాళేనికి పిలిపించింది. ఇసకలో అందరూ చుట్టూ కూర్చున్నారు. నేను నాయన కుట్టిన కొత్త చొక్కా వేసుకుని పోయినాను. బడి గది పాళెంలోనే కట్టిస్తానని, లేకుంటే మొహం చూపించనని చాలా పెద్ద మాటలు మాట్లాడినాను. పెద్దకాపు అంతా విని, "ఊరోళ్లకి మా దురాయి తగలదు. రేపు ఈ అబ్బోడు మాట తప్పితే మేం ఎవుర్ని అడగాల? పాళెంలో ఒకురు పూచీ నిలబడాల" అన్నాడు. పోలమ్మ లేచి నిలబడి, "నేనుండా" అంది. "తప్పితే?" అన్నాడు పెద్దకాపు. "తప్పడు" అంది ఆమె, అంతే. తప్పితే ఆమెకి ఏమవుతుందో అడగాలని నాకు తోచలేదు. నా ఉపన్యాసం బాగా వచ్చిందా లేదా అని ఆలోచిస్తా కాలవ దాటి ఇంటికి వచ్చినాను.

ఎన్నిక రోజు ఊళ్లోవాళ్లు, ఎట్టా పెద్దరెడ్డే గదా అని, సగం మంది ఇళ్లలోనే ఉండిపోయినారు. పాళెం మాత్రం మొత్తం కదిలి వచ్చింది. ఆడవాళ్లు చీరలు మోకాళ్లదాకా తడిసి, మగవాళ్లు తలగుడ్డల్లో బీడీలు దోపుకుని, కాలవ దాటి వరసగా వచ్చి బడి ముందర నేల మీద కూర్చున్నారు. పొద్దున వేటకి పోకుండా ఆగినారు నాకోసం. సమితి ఆఫీసరు నా పేరు చదవగానే ఒక్కసారిగా చేతులు లేచినాయి. తాళ్లు లాగి లాగి కాయలు కాసిన అరచేతులు. ఆఫీసరు లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆపి, "ఇంకెందుకులే" అన్నాడు. ఆ చేతులన్నీ నన్ను చూసి లేచినాయనుకున్నాను. అవి పోలమ్మ మాట మీద లేచినాయి. ఈ తేడా అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

వారం తిరక్కుండా పెద్దరెడ్డి మనిషిని పంపించినాడు. ఆయన ఇంటి పంచలోకి నేను చిన్నప్పటి నుంచి పోతానే ఉన్నాను, నాయన కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి. మెట్టు కింద నిలబడి మూట అందించేవాణ్ణి. దప్పికైతే చూరులో దోపిపెట్టిన గ్లాసు ఒకటి మాలాంటోళ్ల కోసం ఉండేది, తాగి కడిగి మళ్లీ అక్కడే దోపాలి. ఆ రోజు ఆయన మెట్టు దాకా ఎదురొచ్చి, "రండి మస్తాన్ గారూ" అన్నాడు. గారూ. మా వంశంలో ఎవరికీ ఆ ఊళ్లో తగలని మాట. లోపలి నుంచి కుర్చీ తెప్పించి తన పక్కనే వేయించినాడు. ఇంట్లోవాళ్లు తాగే గ్లాసులోనే కాఫీ ఇప్పించినాడు. ఆ కుర్చీలో ఎట్టా కూర్చోవాలో తెలియక అంచు మీద కూర్చున్నాను, తర్వాత కొంచెం కొంచెం వెనక్కి జరిగినాను.

ఆయన నన్ను బెదిరించలేదు. బెదిరించి ఉంటే బాగుండేది, ఇన్నాళ్లూ చెప్పుకోవడానికి ఒక సాకైనా ఉండేది. "ఓడినందుకు నాకేం బాధ లేదండీ, చదువుకున్నోళ్లు రావాలి" అన్నాడు. ఇసకలో గోడలు నిలబడవని, గాలివానొస్తే సర్కారు సొమ్ము కొట్టుకుపోతుందని, చేపలు పట్టే పిల్లలు రెండు రోజులు వచ్చి మూడో రోజు మానేస్తారని, గది ఊళ్లోనే కట్టి కాలవ మీద తాటిమొద్దులు వేయిస్తే అందరికీ మంచిదని, అన్నిటికీ చివర "మీకు తెలియంది ఏముంది" అని చేర్చినాడు. నాకు తెలుసు అది తప్పని. తెలిసే తల ఊపినాను. కాగితం సిద్ధంగా ఉంది. జేబులోంచి తన పెన్ను తీసి మూత విప్పి నా చేతికిచ్చినాడు. ఎన్నో రోజులుగా పేపరు అంచుల మీద రాసి రాసి సాధన చేసిన సంతకం, కింద రెండు గీతలతో, చక్కగా పెట్టినాను. లేచి వస్తా ఉంటే ఆయన మెట్టు దాకా సాగనంపినాడు. ఒక కుర్చీకి, ఒక గ్లాసు కాఫీకి, ఒక గారుకి నేను పాళేన్ని అమ్మేసినాను.

ఇంటికొచ్చి గర్వంగానే చెప్పినాను నాయనతో, లోపలి గ్లాసులో కాఫీ ఇచ్చినాడని. నాయన మిషను ఆపినాడు. "కొలతలు తీసుకున్నది పాళేనికి. గుడ్డ కోసింది పెద్దరెడ్డికి. ఇదేం పనిరా?" అన్నాడు. తర్వాత ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు, కానీ అంగట్లో పేపరు చదవమని కూడా మళ్లీ అడగలేదు.

గది ఊళ్లో కట్టడం మొదలైనాక పాళేనికి తెలిసింది. కాపులు కూర్చున్నారు. పోలమ్మ మా ఇంటికి వచ్చింది, ఆ రోజు గంప లేకుండా వచ్చింది. నేను లోపలి గదిలో ఉన్నాను. ఆమె గొంతు వినగానే అమ్మకి చెయ్యి ఊపి సైగ చేసినాను, లేనని చెప్పు అని. అమ్మ జన్మలో అబద్ధం ఆడి ఎరగదు. నా వైపు ఒక చూపు చూసి బయటికి పోయి, "వాడు నెల్లూరు పోయినాడే పోలమ్మా" అంది.

పోలమ్మ గొంతు నెమ్మదిగానే ఉంది. "వస్తే చెప్పమ్మా. కాపులు రేపు పొద్దునదాకా టైమిచ్చినారు. అబ్బయ్య వచ్చి, తప్పు నాది, పోలమ్మది కాదు అని ఒక్క మాట అంటే పూచీ తీసేస్తారంట. ఆ ఒక్క మాటే. ఇంకేం అడగరు."

తలుపు సందులోంచి చూస్తా ఉన్నాను. నా చెప్పులు వాకిట్లో ఎండలో పడి ఉన్నాయి. నెల్లూరు పోయినోడి చెప్పులు. పోలమ్మ వాటిని చూసింది. కాసేపు చూసింది. ఒంగి, ఆ జతను తీసి, చూరు నీడలోకి జరిపి పెట్టింది, ఎండకి తోలు బిర్రబిగుసుకుపోతుందని. "పోయొస్తానమ్మా" అని వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున కూడా నేను పాళేనికి పోలేదు. కాలవ దాకా మాత్రం పోయినాను. ఒడ్డున నిలబడి, పోటు ఎక్కువగా ఉందని నాకు నేనే చెప్పుకుని తిరిగొచ్చినాను. మోకాళ్ల లోతు కూడా లేవు నీళ్లు.

ఏడాది పాటు పోలమ్మ తెప్పల దగ్గరికి గంపతో రాకూడదని, ఎవరూ ఆమెకి చేపలు ఇవ్వకూడదని కాపులు శిక్ష వేసినారు. కొన్ని రోజుల తర్వాత మా వీధిలో కేక మళ్లీ వినపడింది. గొంతు అదే, కేక మాత్రం "ఉప్పో" అని. చేపల గంపలోనే ఉప్పు పోసుకుని వచ్చింది. ఉప్పుమళ్లలో ఉప్పు గీకే కూలికి కుదిరిందట, కాళ్లు పగిలి ఉప్పు తగిలి మంటెత్తతా ఉంటే ఆముదం రాసుకుని నడిచేది. అదే గడప పక్కన కూర్చుంది, అవే నీళ్లు తాగింది. మా ఇంట్లో ఇంక చేపల వాసన లేదు. వేరే ఆమె దగ్గర కొనమని మా నాయనమ్మ అంటే అమ్మ వద్దంది. "ఉప్పో" అని వినపడగానే నేను దొడ్డిదారిన పోయి గడ్డివాము వెనక నిలబడేవాణ్ణి, ఆమె పోయేదాకా. బడి కమిటీ ప్రెసిడెంటుని. తాటిమొద్దులు వేసిన మాట నిజమే, మొదటి వానలకే అవి కొట్టుకుపోయినాయి, ఎవరూ మళ్లీ వేయలేదు.

ఒకసారి దొరికిపోయినాను. అంగట్లో నేనొక్కణ్ణే ఉండగా, కేక వేయకుండా వచ్చింది, మంగను వెంటబెట్టుకుని. లేవబోయినాను. "కూర్చో అబ్బయ్యా" అంది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండు అనుకున్నాను. ఆమె మంగను ముందుకి తోసి, "దీని పేరు ఎట్టా రాస్తారో ఒక్కసారి రాసియ్యి. బడికైతే పోలేదు. పేరన్నా రాసుకుంటాది" అంది.

చేతికి నాయన సుద్దముక్క తగిలింది, గుడ్డ మీద గీతలు గీసేది. ఒక నల్లగుడ్డ పేలిక తీసి రాసినాను. గ రాసేటప్పుడు సుద్ద జారి కింద చిన్న తోకలాగా గీత పడింది. చెరిపి మళ్లీ రాసేవాణ్ణే. కానీ మంగ అప్పటికే గుడ్డ లాక్కుని, అక్షరాల మీద వేలు పెట్టి దిద్దతా ఉంది. నేను "పోలమ్మత్తా" అన్నాను. ఆ తర్వాత చెప్పాల్సిన మాట నోట్లోనే ఉండిపోయింది. ఆమె కాసేపు ఎదురుచూసింది. తర్వాత ఉప్పు గంప ఎత్తుకుని, మంగ చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. ఆ సంవత్సరమే నాకు గూడూరులో గుమాస్తా పని దొరికింది. ఊరు వదిలిపెట్టి పోయినాను, సంతోషంగా పోయినాను. పోలమ్మ ఎప్పుడు పోయిందో కూడా నాకు ఎవరో చాలాకాలం తర్వాత చెప్పినారు.

పాళెంలో బడి, నేను పోయిన చాలా ఏళ్లకి, ఒక పెద్ద తుఫాను తర్వాత ఎవరో కట్టించినారు. అది ఇప్పుడు రెండంతస్తులు. పిల్లలు బూట్లు వేసుకుని వస్తారు, ఉప్పుకాలవ మీద లారీలు పోయే వంతెన ఉంది. అక్కడి హెడ్‌మిస్ట్రెసు గారు ఊరి బడి నుంచి తెచ్చిన పాత కాగితాలు వెదకతా ఉంటే బడి కమిటీ పుస్తకం దొరికిందట, అందులో పాళెం ఎత్తిన చేతులతో గెలిచిన మొదటి ప్రెసిడెంటుగా నా పేరు ఉందట. బతికున్నానని తెలిసి, కారు పంపి పిలిపించినారు. పోకూడదని నాకు తెలుసు. తెలిసే పోయినాను, ఆనాడు తల ఊపినట్టే. "ఆ రోజుల్లోనే మన పాళెం పిల్లల చదువు కోసం పోరాడిన పెద్దమనిషి" అని మైకులో చెప్పినారు. కుర్చీ వేసినారు. శాలువా కప్పినారు. మస్తాన్ గారూ అన్నారు. మైకు నా చేతికిస్తే, చాలా సంతోషం అని చెప్పి కూర్చున్నాను. అరవై ఏళ్లకి పైగా గడిచినాయి, చెప్పడానికి ఒక్క మాటే ఉంది, పాళెం మొత్తం ఎదురుగా కూర్చుంది. చెప్పలేదు.

సభ అయినాక పెద్దలందరి చేతా ఒక పుస్తకంలో సంతకాలు చేయించినారు. ముందు వరసలో ఒక ముసలామె ఉంది, వేలిముద్ర డబ్బా తెచ్చిస్తే వద్దని చేత్తో పక్కకి నెట్టి, పెన్ను అడిగి తీసుకుంది. పుస్తకం మీదికి బాగా ఒంగి, నింపాదిగా రెండక్షరాలు రాసింది. పుస్తకం తర్వాత నా ముందుకి వచ్చింది. మంగ అని ఉంది. గ కింద చిన్న తోక ఉంది.

ఆమె నన్ను చూసి నవ్వింది. "నాకు ఆ రెండక్షరాలే వస్తాయి సార్. మీరు గుడ్డ మీద రాసిచ్చినారని మా జేజి చెప్పేది. ఆ గుడ్డ చాన్నాళ్లు దాచింది" అంది.

"ఇంకేం చెప్పింది మీ జేజి నా గురించి?" అని అడిగినాను.

"ఇంకేం చెప్పలేదు సార్. మంచోడు అనేది."

హెడ్‌మిస్ట్రెసు గారు పెన్ను మూత విప్పి నా చేతికిచ్చి, మంగ పేరు కింద ఖాళీ చూపించింది. సంతకం పెట్టినాను. పెద్దరెడ్డి పంచలో పెట్టిన సంతకమే, కింద రెండు గీతలతో. నాకు ఇంకో సంతకం రాదు.